ఈ ఏడు మంచు కురవదు

చచ్చిపోయాక కూడా కోటు విప్పలేదు మహానుభావుడు.

మొన్న ఉప్పలగుప్తం వైపు చెరువుల్లో రొయ్యల శాంపిళ్ళు తీసుకుని అమలాపురం తిరిగొస్తుంటే మలుపులో ఫ్లెక్సీ కనపడింది. అటొక పావురం, ఇటొక పావురం, మధ్యలో ఆయన. పైన 'ప్రభువునందు నిద్రించారు' అని ఉంది. కింద పేరు, పేరు పక్కన డిగ్రీలు, డిగ్రీల పక్కన 'స్కాట్లండ్'. మే నెల ఎండకి తారు మెత్తబడి బండి టైర్లకి అంటుకుంటోంది. ఈయన మాత్రం మెడదాకా గుండీలు పెట్టుకుని, బూడిదరంగు ఉన్ని కోటులో, మనందర్నీ చూసి జాలిపడుతున్నట్టు నవ్వుతున్నారు. బతికున్నప్పుడూ అదే నవ్వు.

బండి ఆపి చూస్తుంటే పక్కన కొబ్బరిబొండాలమ్మే ఆయన అడిగాడు, "ఎవరండీ ఆయన? పెద్ద డాక్టరుగారాండీ?"

"కాదండి. ఒక వేసవి ఫారిన్ వెళ్ళొచ్చేరు" అన్నాను.

"ఆయ్" అన్నాడు మర్యాదగా. ఆ తరవాత ఇంకేదో చెప్తానేమోనని కాసేపు ఆగాడు. చెప్పడానికి ఇంకేమీ లేదు. ఆయన జీవితమంతా అంతే.

మా ఊరు మామిడికుదురు దగ్గర. ఆయన వరసకి నాకు పెదనాన్న. నేను పుట్టకముందెప్పుడో, ఎమ్మే చదువుతుండగా, మిషనువాళ్ళు ఆయన్ని స్కాట్లండులో ఏదో వేసవి చదువుకి పంపారు. జూన్లో వెళ్ళారు, ఆగస్టులో వచ్చేశారు. ఆ తరవాత అమలాపురం కాలేజీలో ఇంగ్లీషు లెక్చరరుగా రిటైరయ్యేదాకా పనిచేశారు, పెళ్ళి చేసుకున్నారు, ఇల్లు కట్టారు. ఇవేవీ ఆయన లెక్కలో లేవు. ఎవరైనా "ఏం చేస్తుంటారండీ?" అంటే, "స్కాట్లండులో చదువుకున్నానండీ" అనేవారు. ఊళ్ళో ఆయన్ని ఫారిన్ మాస్టారు అనేవారు. వెక్కిరింతకి అంటున్నారనుకునేదాన్ని చిన్నప్పుడు. కాదు, గౌరవంగానే అనేవారు. అది ఇంకా ఘోరం.

ఆయన నోట్లో ఒకటే మాట, 'అక్కడ'. అక్కడ హారన్ కొట్టరు. అక్కడ గోడకి ఉమ్మెయ్యరు. అక్కడ ఒకళ్ళింటికి ఒకళ్ళు ఫోన్ చెయ్యకుండా వెళ్ళరు. మా ఇంట్లో అల్లం టీ పెట్టిస్తే గ్లాసు వైపు చూసి, "అక్కడ టీలో పాలు పొయ్యరమ్మా" అని పక్కకి జరిపేవారు. మా అమ్మ ఆ టీ పారబోసి, ఆయన కోసం డికాషన్లో నిమ్మచెక్క పిండి ఇచ్చేది. ఆయన తాగుతుంటే ఆ పులుపుకి మొహమంతా ముడుచుకుపోయేది. అయినా తాగేవారు.

ఇక ఆ లైను సంగతి. అక్కడ మనుషులు ఒకరి వెనక ఒకరు చెయ్యి చాపినంత ఎడంగా నిలబడతారట. ఈయనా అలాగే నిలబడేవారు, మా మామిడికుదురు బస్టాపులో. ఆ ఎడంలోకి ముందొక కొబ్బరి బస్తా వచ్చేది, తరవాత దాని యజమాని, తరవాత యజమాని బావమరిది, వాళ్ళావిడ, పిల్లలు. బస్సు వెళ్ళిపోయేది. ఆయన కోప్పడేవారు కాదు. కోప్పడితే మనిషే. జాలిగా నవ్వి, "పాపం, వీళ్ళకి తెలీదు" అనుకుని తరవాతి బస్సు కోసం మళ్ళీ అంత ఎడంగానే నిలబడేవారు. ఒకసారి రేషన్ షాపు దగ్గర ముందున్న ముసలామెకి మరీ దూరంగా నిలబడ్డారు. ఈయన ఎవరి కోసమో ఎదురుచూస్తున్నారనుకుని డీలరు షట్టరు దించేసుకుని భోజనానికి వెళ్ళిపోయాడు. ఆ వేళ పంచదార లేకుండా ఇంటికొచ్చి, పెద్దమ్మ అడిగితే, "ఈ దేశం బాగుపడదు" అన్నారు.

పెద్దమ్మ అంటే ఆయన భార్య. రాజమండ్రి దాటి ఎరగదు. అక్కడ భార్యాభర్తలు బల్ల దగ్గర కూర్చుని కలిసి తింటారని ఆయన పెళ్ళైన కొత్తలోనే బల్ల చేయించారు. బల్ల వచ్చింది, కుర్చీ మాత్రం ఒక్కటే వచ్చింది. ఆవిడ జీవితాంతం ఆ బల్ల పక్కన నిలబడి వడ్డించింది. కోటు ఎండలో వెయ్యడం, కోటు జేబుల్లో కలరా ఉండలు పెట్టడం, కోటు వీపు మీద కట్టిన చెమట ఉప్పు తడిగుడ్డతో తుడవడం కూడా ఆవిడ పనే. మా నేలమీద ఉన్ని కోటు వేసుకునేవాణ్ణి చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. నాకు నవ్వొచ్చేది కాదు. ఆ తడిగుడ్డ గుర్తొచ్చేది.

ఇవన్నీ భరించొచ్చు. ఆయన మంచు ఒక్కటే నేను ఇవాళ్టికీ క్షమించలేదు.

మా సంఘంలో పద్ధతి ఏమిటంటే, దేవుడు ఎవరికి ఏ మేలు చేసినా ఆదివారం ఆరాధనలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పాలి. జబ్బు తగ్గినా, ఉద్యోగం వచ్చినా, గేదె ఈనినా చెప్తారు. ఒకసారి చెప్పి ఊరుకుంటారు. ఫారిన్ మాస్టారు మాత్రం ఏటా జూలైలో మొదటి ఆదివారం అదే సాక్ష్యం చెప్పేవారు. కోటు వేసుకొచ్చి, ముందు వరసలోంచి లేచి, కళ్ళద్దాలు తుడుచుకుని మొదలుపెట్టేవారు.

"ప్రియులారా! అది జూలై మాసం. నేను గ్రంథాలయం నుండి ఒంటరిగా వస్తున్నాను. అకస్మాత్తుగా మంచు! కురిసింది, కురిసింది, కురుస్తూనే ఉంది. దారి లేదు, గట్టు లేదు. నా కాళ్ళు కూరుకుపోయినవి. ప్రభువా, కోనసీమలో పుట్టినవాణ్ణి, ఈ మంచులో పోతానా అని మొర పెట్టేను..."

అప్పుడు ఒక తెల్లదొరసాని దీపం పట్టుకుని వచ్చేది. చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళ్ళి చలిమంట దగ్గర కూర్చోబెట్టేది. సంఘమంతా "స్తోత్రం" అనేది. నేను ఒకటో తరగతిలో ఉండగా ఆ మంచు ఆయన చీలమండల దాకా ఉండేది. నేను టెన్తుకి వచ్చేసరికి మోకాళ్ళు దాటింది. డిగ్రీలో చేరేనాటికి నడుం దాకా వచ్చింది. ఇంకో పదేళ్ళు బతికుంటే దొరసాని దీపంతో కాదు, గునపంతో రావలసివచ్చేది.

నేను ఫిషరీస్ చదువుతూ ఉండగా చేపల జబ్బుల మీద ఒక వేసవి కోర్సుకి మా యూనివర్సిటీ నుంచి నన్ను ఎంపిక చేశారు. ఎక్కడికో తెలుసా? స్కాట్లండుకే. రాకపోకలు, బస, తిండి అన్నీ వాళ్ళవే. రెండు వారాల్లోగా వస్తానో రానో చెప్పాలి. నేను ఎగిరి గంతేసి ఇంటికొచ్చాను. మా నాన్న కరెంటాఫీసులో గుమస్తా, అమ్మ గవర్నమెంటు ఆసుపత్రిలో నర్సు. ఇద్దరూ చదువుకున్నవాళ్ళే, ఆడపిల్ల కదా అని ఆపే రకం కాదు. నాన్న సంతోషంతో నా తల నిమిరారు. ఆ తరవాత అన్నారు, "ఓసారి అన్నయ్యగార్ని కనుక్కుందామమ్మా. వెళ్ళొచ్చినవారు కదా."

ఫోన్ చేసే వెళ్ళాం ముగ్గురం. ఆయన కుర్చీలో కూర్చున్నారు. మేం అరుగుమీద సర్దుకున్నాం.

"ఏ నెల?" అన్నారు.

"జూన్ ఆఖర్న వెళ్ళి ఆగస్టులో వచ్చేస్తానండి" అన్నాను.

"జూలై అన్నమాట." కళ్ళు మూసుకున్నారు. పెద్ద నిట్టూర్పు విడిచారు. "ఒరే తమ్ముడూ, ఈ పిల్లకి ఆయాసం కదరా?"

మా అమ్మ చెయ్యి వచ్చి నా వీపుమీద పడింది. నాకు చిన్నప్పుడు ఆయాసం ఉండేది, ఎక్కువే. అమ్మకి అదంటే హడలు.

"ఆయ్, చిన్నప్పుడండి. ఇప్పుడు తగ్గిందండి" అన్నారు నాన్న.

"ఇక్కడ తగ్గుతుందిరా. అక్కడ? ఆ మంచులో నాలాంటివాడికే ఊపిరాడలేదు. దీనికి ఊపిరితిత్తులు గడ్డకట్టుకుపోతాయి. చదువుదేముంది, బందరులోనూ చదవొచ్చు. నా మాట విని మానిపించు."

ఇంటికొచ్చాక నాన్నకి ఫోన్లో చూపించాను. జూలైలో అక్కడ హాయిగా మన జనవరి పొద్దున్నలా ఉంటుంది, మంచు చుక్క ఉండదు. నాన్న కళ్ళజోడు పెట్టుకుని చూశారు, జోడు తీసి మళ్ళీ చూశారు. "ఫోన్ చెప్పేది నమ్మమంటావా, నడుం దాకా దిగబడి వచ్చిన మనిషిని నమ్మమంటావా?" అన్నారు. అమ్మ అంతకంటే గట్టిగా మాట్లాడింది. "నువ్వు మూతికి మాస్కు పెట్టుకుని, గోళ్ళు నీలంగా అయిపోయి పడుకున్న రోజులు నాకు గుర్తున్నాయే. నీ ఫోన్‌కి గుర్తుండవు."

నా వేసవి, నా చదువు, నాకు వచ్చిన ఒకే ఒక్క అవకాశం, కురవని మంచులో కూరుకుపోతోంది.

మా సంఘంలోనే హైస్కూల్లో సోషల్ చెప్పే మాస్టారొకాయన ఉన్నారు. పటాలు, వాతావరణాలు, ఋతువులు ఆయనకి కొట్టినపిండి. పరిగెత్తాను. "మాస్టారూ, స్కాట్లండులో జూలైలో మంచు కురుస్తుందాండీ?"

"ఎందుకు కురుస్తుందమ్మా? అది వాళ్ళకి ఎండాకాలం కదా" అన్నారు.

"మరి ఏటా వింటున్నారు కదండీ?"

"వింటున్నానమ్మా."

"ఒక్కసారి మా నాన్నతో చెప్పండి."

ఆయన పాపం హడలిపోయారు. "అమ్మో! పెద్దాయన మాట నేను కాదనడమేంటమ్మా? నొచ్చుకోరూ? రేపు మందిరంలో ఎదురుపడితే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

అప్పుడర్థమైంది నాకు. తెలిసినవాళ్ళు ఆయనొక్కరే కాదు. టీచర్లు, బ్యాంకువాళ్ళు, నర్సులు, గల్ఫులో ఉద్యోగాలు చేసొచ్చినవాళ్ళు, సగం సంఘానికి తెలుసు. అందరూ "ఆయ్" అంటున్నారు. మా గోదావరి మర్యాద మండిపోనూ! ఎదుటివాడు అబద్ధమాడితే వాడు నొచ్చుకుంటాడని మేం నమ్మేస్తాం.

ఇక లాభం లేదని నేనే వెళ్ళాను ఆయన దగ్గరికి. కావాలనే ఫోన్ చెయ్యకుండా వెళ్ళాను. ఆయన బల్ల ముందు కూర్చుని ఉప్పూ కారం లేని ఉడకబెట్టిన బంగాళాదుంప చెంచాతో తింటున్నారు. పెద్దమ్మ పక్కన నీళ్ళ చెంబుతో నిలబడి ఉంది.

"ఫోన్ చేసి రావాలమ్మా. అక్కడైతే..."

"పెదనాన్నగారూ, జూలైలో అక్కడ మంచు కురవదు."

చెంచా ఆగింది. "నేను చూసేనమ్మా" అన్నారు.

"అయితే నేనూ వెళ్ళి చూసొస్తానండి. వచ్చి అందరికీ చెప్తాను."

ఆ మాట అన్నాక గాని నాకు తట్టలేదు. ఆయన భయం అదే! నా ఊపిరితిత్తులూ కాదు, నా ఆయాసమూ కాదు. ఊళ్ళో అక్కడికి వెళ్ళొచ్చినవాడు తనొక్కడే. రెండోమనిషి వెళ్ళొస్తే ఆ మంచు ఏమైపోవాలి? ఆయన మొహం చూస్తే దొంగతనం చేస్తూ దొరికిపోయిన మొహంలా ఉంది. నాకు ఏమాత్రం జాలి వెయ్యలేదు. ఒక ఆడపిల్ల చదువు ఆపైనా సరే తన కోటు మడత నలగకూడదనుకునే మనిషి మీద జాలేమిటి?

"పిల్లని వెళ్ళనివ్వండి" అంది పెద్దమ్మ. ఆవిడ ఆయనకి ఒక మాట చెప్పడం నేను వినడం అదే మొదటిసారి, అదే ఆఖరిసారి.

ఆయన చాలాసేపు బంగాళాదుంపని చూశారు. "సరే. ప్రభువు జవాబు కోసం ప్రార్థనలో కనిపెడతాను" అన్నారు.

కనిపెట్టారు మహానుభావుడు. ఆదివారం కోటు వేసుకుని లేచి నిలబడ్డారు.

"ప్రియులారా! మన బిడ్డ ఒకతె మంచుదేశానికి వెళ్ళవలసి ఉన్నది. నేను ప్రభువు సన్నిధిలో పెనుగులాడేను. ఆయన నాతో మాటాడేడు. సంఘమంతా ఉపవాసముండి ప్రార్థన చేస్తే, ఈ ఏడు మంచు కురవదు!"

"ఆమేన్" అంది సంఘం. సోషల్ మాస్టారి గొంతు నాకు స్పష్టంగా వినపడింది.

ఆ శుక్రవారం ఉపవాస ప్రార్థన. ఆ రోజు ఎలా ఉందనుకున్నారు? ఉక్కపోత, కొబ్బరాకు కూడా కదలడం లేదు. మధ్యాహ్నం కరెంటు పోయింది. మందిరంలో ఆడవాళ్ళు పాటల పుస్తకాలతో విసురుకుంటున్నారు, చంటిపిల్లలు చెమటకాయలు పేలి ఏడుస్తున్నారు. మంచినీళ్ళు కూడా ముట్టకుండా, నాలికలు పిడచగట్టుకుపోయి, అంతమంది మోకాళ్ళమీద ఉండి స్కాట్లండులో మంచు కురవకూడదని దేవుణ్ణి బతిమాలుతున్నారు. సోషల్ మాస్టారు లేచి, "ప్రభువా, ఆ దేశపు ఆకాశమును మూసివేయుము" అని కన్నీళ్ళతో ప్రార్థించారు. ఋతువులు ఎందుకు వస్తాయో మర్నాడు ఆయనే క్లాసులో పాఠం చెప్పాలి. నేనేం తక్కువ తిన్నాను? వెళ్ళడమే కదా నాకు కావలసింది. అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నాను.

సాయంత్రం మజ్జిగతో ఉపవాసం విడుస్తూ అమ్మ, "ఇంక పరవాలేదు, వెళ్ళు" అంది. ఫోన్ ఇవ్వలేని ధైర్యం ఆ ప్రార్థన ఇచ్చింది. పెద్దమ్మ ఒక మఫ్లరు పంపింది. అమ్మ రెండు స్వెటర్లు, ఒక కోతిటోపీ పెట్టెలో కుక్కింది.

అక్కడ దిగేసరికి ఏముంది? పచ్చగడ్డిమీద జనం చొక్కాలు విప్పి ఎండ కాగుతున్నారు. నేనొక్కదాన్నే కోతిటోపీతో నిలబడ్డాను. ఒక చిన్నపిల్ల వాళ్ళమ్మ చెయ్యి లాగి మరీ నన్ను చూపించింది. మొదటి రోజే హాస్టల్ వంటింట్లో చూశాను, టీలో పాలు పోసుకుంటున్నారు. అందరూ పోసుకుంటున్నారు! పొయ్యనివాడు ఒక్కడు లేడు. వెంటనే ఇంటికి ఫోన్ చేశాను. "అమ్మా, పాలు పోస్తున్నారే!" అన్నాను. అమ్మ, "పాపం, ఆయన వెళ్ళినప్పుడు పాలు దొరకలేదేమోనే" అంది. ఈ జనాన్ని ఏం చెయ్యాలి?

నిజం చెప్పొద్దూ, లైను మాత్రం ఆయన చెప్పినట్టే ఉంది. బస్టాపులో చెయ్యి చాపినంత ఎడంగా నిలబడ్డారు, ఆ ఎడంలోకి ఎవరూ దూరలేదు. నేను వాళ్ళ వెనక నిలబడి ఆయన్ని తిట్టుకున్నాను. అంతా అబద్ధమైతే ఎంత హాయిగా ఉండేది!

చదువు బాగా సాగింది. సముద్రంలో వలపంజరాలు కట్టి సాల్మన్ చేపల్ని పెంచుతారు వాళ్ళు. పొద్దున్నే పడవలో వెళ్ళి చేపల మొప్పల్లోంచి చిన్న ముక్కలు తీసుకొచ్చి మైక్రోస్కోప్ కింద చూసేవాళ్ళం. మా మేడమ్ పెద్దావిడ, నా పేరు పలకలేక నవ్వేది. మీ ఊళ్ళో ఏం పెంచుతారని అడిగితే, గోదావరి సముద్రంలో కలిసే చోటు, పాయలు, మా రొయ్యల చెరువులు బోర్డుమీద గీసి చూపించాను. ఆవిడ ఆ బొమ్మని కోర్సు అయ్యేదాకా చెరపనివ్వలేదు. ఆయాసం ఒకసారి వచ్చిందనుకోండి, మంచుకి కాదు, గడ్డిపూల పుప్పొడికి. ఎండాకాలపు జబ్బు! ఇన్‌హేలర్‌తో తగ్గించుకుని అమ్మకి చెప్పకుండా ఊరుకున్నాను.

ఒక్కటి మాత్రం నన్ను నిజంగా బెదరగొట్టింది. వెళ్ళిన కొత్తలో అన్నం వండుకుని తిని, గిన్నెలు కడుక్కుని చూస్తే కిటికీలో ఇంకా ఎండ. ఫోన్లో టైము పది. ఫోన్ చెడిపోయిందనుకున్నాను. కిందకి దిగి చూస్తే పిల్లలు బంతాడుకుంటున్నారు, గోడలమీద పసుపురంగు వెలుతురు. రాత్రి పదింటికి! అలసిపోయిన ఒళ్ళు పడుకోమంటుంది, కళ్ళేమో సాయంత్రమే కదా అంటాయి. ఆ వెలుతుర్లో ఇల్లు గుర్తొచ్చినంతగా చీకట్లో గుర్తురాదు. మెట్లమీద కూర్చుని ఏడ్చేశాను. ఏడుస్తూనే ఆయనమీద కోపం తెచ్చుకున్నాను. చెంచాలు చెప్పాడు, లైన్లు చెప్పాడు, లేని మంచు చెప్పాడు. ఉన్న ఈ వింత ఒక్కటి ఎందుకు చెప్పలేదు ఈ మనిషి?

తిరుగు విమానంలో సాక్ష్యం తయారుచేసుకున్నాను. మాట మాట ఏరి పెట్టుకున్నాను. మొదటి వాక్యం, 'అక్కడ మంచు కురవలేదు.' రెండో వాక్యం, 'జూలైలో అక్కడ ఎప్పుడూ కురవదు, ఏ ఏడూ కురవలేదు.' ఆ రెండో వాక్యంతో ఆ కోటు చిరిగిపోవాలి.

ఆదివారం పాస్టరుగారు పిలిచారు. లేచాను. ఆయన ముందు వరసలో తల దించుకుని కూర్చున్నారు. మెడ వెనక కోటు కాలరు మీద చెమట కారుతోంది. తృప్తిగా చూసుకుని మొదలుపెట్టాను.

"అక్కడ మంచు కురవలేదండి..."

"హల్లెలూయా!" అని లేచింది సంఘం. మగవాళ్ళు చేతులెత్తేశారు. ఆడవాళ్ళు నా మీద పడి బుగ్గలు నిమిరి ఏడ్చేశారు. డోలక్ అందుకున్నారెవరో. మా అమ్మ మోకాళ్ళమీద పడిపోయింది. ఆయన మెల్లిగా తల ఎత్తారు, రెండు చేతులూ పైకెత్తి కళ్ళు మూసుకున్నారు, బుగ్గలమీద నీళ్ళు ధారగా కారుతున్నాయి. నా రెండో వాక్యం పాటలో కొట్టుకుపోయింది. నేను పడగొడదామని వెళ్ళిన మనిషి నా మాటతోనే ప్రవక్త అయిపోయాడు. ఇంతకంటే అవమానం నాకు ఇంకోటి జరగలేదు.

ఆరాధన అయ్యాక గేటు దగ్గర ఆయన నా కోసం ఆగి ఉన్నారు. గొప్పలు చెప్పుకోడానికనుకుని మొహం తిప్పుకున్నాను.

"అమ్మాయ్" అన్నారు మెల్లిగా. "ఇంకా అలాగే ఉంటుందామ్మా?"

"ఏంటండి?"

"వెలుతురు. పదింటిక్కూడా... కిటికీలో..."

మొహం మళ్ళీ ఆయన వైపు తిప్పాను. "ఉంటుందండి" అన్నాను.

గేటు ఊచ పట్టుకున్నారు. "ఉంటుంది కదా! నాకు నిద్ర పట్టేది కాదు. మెట్లమీద కూర్చునేవాణ్ణి. వచ్చిన కొత్తలో అదే చెప్పేనమ్మా అందరికీ. రాత్రి పదింటికి ఎండ అంటే ఒక్కళ్ళూ నమ్మలేదు. మా నాన్న నవ్వేడు. చదివి చదివి మతి చలించిందన్నారు. మంచు అంటే నమ్మేరు. ఫారిన్ అంటే మంచే కదా."

"అందుకని అబద్ధం చెప్పేస్తారాండీ? దానివల్ల నా చదువు ఆగిపోయేది!"

"నమ్మనిదాన్ని ఎన్నాళ్ళు చెప్తామమ్మా?" అన్నారు. కోటు సర్దుకుని, తన కంటే ముందున్న వాళ్ళకి చెయ్యి చాపినంత ఎడంగా నడుచుకుంటూ వెళ్ళిపోయారు.

మీరు జాలిపడుతున్నారేమో, నేను పడలేదు. చేతిలో ఒక నిజం ఉన్నవాడు దాన్ని పట్టుకుని నిలబడాలి. నలుగురు నవ్వారని దాన్ని జేబులో దాచేసి, నలుగురికీ నచ్చే అబద్ధాన్ని ఏటా పంచిపెట్టినవాడు పిరికివాడు. ఆ తరవాత ఎదురుపడితే తప్ప పలకరించలేదు నేను. మరుసటి జూలైలో ఆయన సాక్ష్యంలోకి నా ప్రయాణం కూడా వచ్చి చేరింది. ఆ ఏడు మంచు ఛాతీ దాకా వచ్చింది.

ఫ్లెక్సీ చూశాక అటునుంచి అటే వెళ్ళాను. వాకిట్లో షామియానా, ఫ్యాన్లు. ఎండకి శవం పాడవకుండా ఫ్రీజర్ పెట్టెలో పెట్టారు. లోపల కోటు. పెట్టె అద్దం మీద లోపలి చలికి తెల్లగా మంచు పట్టేస్తోంది. పెద్దమ్మ పక్కనే కూర్చుని, మొహం కనపడేలా చీరచెంగుతో తుడుస్తోంది, అది మళ్ళీ పడుతోంది, మళ్ళీ తుడుస్తోంది. ఇన్నేళ్ళకి ఆ బల్ల దగ్గరి కుర్చీ బయటికి తెచ్చి ఆవిణ్ణి అందులో కూర్చోబెట్టారు.

నేను పువ్వులు పెట్టి పక్కకి జరిగేసరికి ఒకావిడ వచ్చి చెయ్యి పట్టుకుంది. మా సంఘం ఆవిడే, అంగన్‌వాడీ టీచరు. వెనక వాళ్ళమ్మాయి, చేతిలో ఫోన్.

"అమ్మా, మా పిల్లకి వేసవి చదువు వచ్చింది. స్కాట్లండే. వచ్చే నెల ప్రయాణం. ఫారిన్ మాస్టారు ప్రార్థన చేస్తానన్నారు. ఇంతలోనే ఇలా అయిపోయింది. ఆయన లేకపోతే వాళ్ళ నాన్న పంపనంటున్నారమ్మా. అక్కడికి వెళ్ళొచ్చినదానివి ఇంక నువ్వొక్కదానివే. ఈ ఏడు ఎలా ఉంటుందమ్మా? మంచు కురుస్తుందా?"

ఎన్నాళ్ళుగానో నోట్లో నానిన నా రెండో వాక్యం నాలిక చివరికి వచ్చింది. ఇంక అడ్డుకోడానికి డోలక్ లేదు, పాట లేదు, ఆయన లేరు.

"జూలైలో అక్కడ..." అన్నాను.

అద్దం తుడుస్తున్న పెద్దమ్మ చెయ్యి ఆగింది. నా వైపు చూడలేదు. చెయ్యి అలాగే అద్దం మీద ఉంచి, వింటోంది.

"ఆయ్, చెప్పమ్మా" అంది టీచరుగారు.

"ఈ ఏడు కురవదండి" అన్నాను. "నేను ప్రార్థన చేస్తాను. నిశ్చింతగా పంపించండి."

"స్తోత్రం తల్లీ!" అని ఆవిడ నా చేతులు కళ్ళకద్దుకుంది. పెద్దమ్మ చెయ్యి మళ్ళీ కదిలింది.

ఆ పిల్ల మాత్రం కదలకుండా నన్నే చూస్తోంది. చేతిలో ఫోన్ ఉంది, అందులో జూలై ఎండలు ఉన్నాయి, దానికి అంతా తెలుసు. ఆ చూపు నాకు కొత్త కాదు, ఇన్నేళ్ళూ ఆయన్ని నేను చూసిన చూపే. వాళ్ళమ్మ అటు వెళ్ళగానే పిల్లని పక్కకి లాగి గబగబా చెప్పాను.

"ఇదుగో, ఇది మాత్రం నిజం. రాత్రి పదింటిక్కూడా ఎండ ఉంటుంది అక్కడ. నిద్ర పట్టదు. ఇల్లు గుర్తొస్తుంది. భయపడకు."

అది నన్ను పైనుంచి కిందదాకా చూసింది.

"ఆయ్, అలాగేనండి" అంది మర్యాదగా.